స్పీడ్‌స్టర్‌ను మెచ్చుకున్నవాళ్లు మెచ్చుకున్నది డబ్బును కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పైకప్పు లేని స్పోర్ట్స్ కార్ల గురించి, అందులోనూ లెక్కపెట్టి కొన్నింటిని మాత్రమే తయారుచేసే కార్ల గురించి అచ్చయిన వ్యాసాన్నీ, మరుసటి వారం దానిమీద వచ్చిన పాఠకుల ఉత్తరాలనూ మా షెడ్డులో మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరం కూర్చుని చదువుకున్నాం. నేను తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్క సందులో ముప్పై ఏళ్లుగా కార్లు బాగుచేసుకుని బతుకుతున్నవాణ్ణి. పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. చదివాక ఊరుకోలేక రాస్తున్నాను కనుక, కాస్త పొడుగైనా ఓపిక పట్టి చదవమని మనవి.

ఆ వ్యాసంలో పోర్షే 911 స్పీడ్‌స్టర్ బొమ్మ వేశారు. జర్మనీకి చెందిన పోర్షే కంపెనీ 2019లో బయటికి తెచ్చి, 1,948 బండ్లతో ఆపేసిన రెండు సీట్ల కారు అది. బొమ్మ బాగుంది. అయితే బొమ్మ కింద రాసిన రెండు కాలాల్లో ధర మాట మూడుచోట్ల వచ్చింది, కొనగలిగే ధనవంతుల మాట ఒకచోట వచ్చింది, ఇంజన్ మాట ఒక్కచోటా రాలేదు. అందువల్లనే కాబోలు, తరువాతి వారం ఒక పాఠకుడు, జన్మలో కొనలేని కారును ఫోన్లో చూసి కుర్రాళ్లు ఊగిపోవడం పరాయి సొమ్ము చూసి మురిసిపోవడమేనని, ఈ అలవాటు సమాజానికి మంచిది కాదని రాశారు. ఆయన పెద్దవారై ఉంటారు, పిల్లల మీద బెంగతోనే రాశారని నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఆయన చెప్పిన ఆ కుర్రాళ్లు నా షెడ్డులోనే ఉన్నారు. వాళ్లు దేనికి ఊగిపోయారో నేను పక్కనే నిలబడి విన్నాను. అది పత్రికలో రావలసిన సంగతి అనిపించింది.

మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడొకడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివాడు. బొమ్మ చూసిన వెంటనే వాడు అన్న మొదటి మాట, "అన్నా, ఈ బండి తొమ్మిది వేలు తిరుగుతుందన్నా, టర్బో లేకుండా!" అని. తిరుమలకు ట్యాక్సీ తోలే మా పాత ఖాతాదారు ఒకాయన కళ్లద్దాలు పైకి తోసుకుని ఫోన్లో ఫొటో పెద్దది చేసి, ఆయన చూసింది గేరు రాడ్డును. ఆరు గేర్లు, ఎడమ కాలికి క్లచ్ పెడల్. "ఇంత ఖరీదు బండికి కూడా చేత్తోనే గేరు వేసేలా పెట్టినారా సామీ" అని ఆయన ఎంతో సంతోషపడ్డారు, ఎందుకంటే ఆయన ముప్పై ఏళ్లుగా ఘాట్ రోడ్డుపై గేరు మారుస్తున్న మనిషి, ఆటోమేటిక్ బండ్లొచ్చాక తన చేతి విద్యకు విలువ పోయిందని బాధపడుతూ ఉంటారు. టింకరింగ్ మేస్త్రీ మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. సీట్ల వెనుక జంట మూపురాల్లా లేచిన మూతను వేలితో చూపించి, "ఇది రేకు కాదు కదా?" అని అడిగాడు. కార్బన్ ఫైబర్ అని చెబితే, అంత పెద్ద ముక్కకు అంత ఒంపు ఎక్కడా సొట్టలూ అలలూ లేకుండా ఎలా తెచ్చారోనని అదే పనిగా ఆలోచిస్తూ కూర్చున్నాడు. ముగ్గురికీ మూడు సంతోషాలు. ఒక్కటీ డబ్బుతో ముడిపడింది కాదు.

తొమ్మిది వేలు అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే మా కుర్రాడి కేక అంతా ఆ అంకెలోనే ఉంది. మా షెడ్డుకు రోజూ వచ్చే మామూలు పెట్రోలు కార్లను ఆరు వేలు, ఆరున్నర వేల ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు, దాటనివ్వరు. ఈ నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్‌లో పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంకు, నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 150 చుట్లు. ప్రతి పిస్టనూ ఒక్క సెకనులో 150 సార్లు పైకి పోయి 150 సార్లు కిందికి దిగాలి. రెండు చుట్లకు ఒకసారి మంట పడుతుంది కనుక ఆరు సిలిండర్లలో కలిపి సెకనుకు 450 సార్లు మంట. అన్నిసార్లూ వాల్వు సరైన క్షణంలో మూసుకోవాలి, ఆయిల్ అందాల్సిన చోటల్లా అందాలి, కనెక్టింగ్ రాడ్ సాగకూడదు. వాల్వులు తెరిచే, మూసే వేళను పట్టి ఉంచే టైమింగ్ బెల్టు పళ్లు జారితే ఇంజన్ ఏమవుతుందో పిస్టన్ తగిలి వంగిన వాల్వులను చేతిలో పట్టుకుని చూసినవాడికి తెలుసు. మా కుర్రాడు కిందటి నెలలోనే అలాంటి ఎనిమిది వాల్వులు విప్పి బల్లమీద వరసగా పెట్టాడు. తొమ్మిది వేలు అని చదవగానే వాడికి కనపడింది ఆ వాల్వులే.

టర్బో సంగతి కూడా అలాంటిదే. ఈ రోజుల్లో శక్తి కావాలంటే చిన్న ఇంజన్ చేసి టర్బోతో గాలిని లోపలికి తోస్తారు. మైలేజీ లెక్కలకూ, పొగ నిబంధనలకూ అది సుళువైన దారి, తప్పు పట్టవలసినది కాదు. స్పీడ్‌స్టర్ ఇంజన్ మాత్రం గాలిని తనంతట తానే పీల్చుకుంటుంది, ఒక్కో సిలిండరుకు విడివిడిగా థ్రాటిల్, అంటే గాలిని వదిలే మూత, ఉంటుంది. అలా పీల్చుకుని 510 హార్స్‌పవర్ ఇస్తుంది, లీటరుకు 127 పైన పడుతుంది. పాత కార్బురేటర్ మారుతి 800 మొత్తం ఇంజన్ కలిసి ఇచ్చింది 40 లోపే. టర్బో లేని ఇంజన్‌లో పాదం ఎంత నొక్కితే అంత, నొక్కిన క్షణంలోనే పలుకుతుంది, పీల్చే చప్పుడుకూ బయటికి వదిలే చప్పుడుకూ మధ్య అడ్డం ఉండదు. దానిమీద పైకప్పు కూడా తీసేస్తే ఆ చప్పుడు నేరుగా చెవికి చేరుతుంది. ఈ రెంటినీ ఒకే బండిలో కలిపి చూసే అవకాశం ఇక ముందు దొరకడం కష్టం అన్న ఎరుకే కార్ల అభిమానుల స్పందనలో ఉన్న ఆవేశానికి అసలు కారణం. పోగొట్టుకోబోతున్న దానిమీద మనిషికి ఉండే ప్రేమ అది. అసూయతో దానికి సంబంధం లేదు.

అభిమానుల అరుపులు గాలిలో కలిసిపోతాయని కూడా ఆ పాఠకుడు రాశారు. పోర్షే కథే దానికి జవాబు. 2013లో ఆ కంపెనీ కొత్త 911 జీటీ3ని, అంటే రేసు ట్రాక్‌కు తగ్గట్టు చేసే 911 రకాన్ని, తెచ్చినప్పుడు చేత్తో వేసే గేరును పూర్తిగా తీసేసి, రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఒక్కదానితోనే అమ్మింది. ట్రాక్ మీద అది వేగమైనదే, లెక్కలన్నీ దాని వైపే ఉన్నాయి. అయినా అభిమానులు ఒప్పుకోలేదు. వేగం తగ్గినా సరే, మా చేతికి పని ఉంచండి అని అడిగారు. 2016లో చేతి గేరుతో 911 ఆర్ అనే బండి వచ్చింది, చేసినవి 991 మాత్రమే. వాటి కోసం జనం ఎగబడిన తీరు చూశాక 2017లో మామూలు జీటీ3కే ఆరు గేర్ల చేతి గేర్‌బాక్స్ తిరిగి వచ్చింది, దానికి సంఖ్య పరిమితి పెట్టలేదు. రెండేళ్ల తరువాత స్పీడ్‌స్టర్‌ను చేతి గేరు ఒక్కదానితోనే చేశారు, ఆటోమేటిక్ కావాలన్నా దొరకదు. కొనలేనివాళ్లు, కొనగలిగినవాళ్లు కలిసి మాట్లాడిన మాటకు అంత పెద్ద ఫ్యాక్టరీ తన నిర్ణయం మార్చుకుంది.

స్పీడ్‌స్టర్ అన్న పేరు ఎక్కడిదో మీ వ్యాసంలో ఉండి ఉంటే ఆ పెద్దాయన అభిప్రాయం కొంతైనా మారేదని నా నమ్మకం. 1948 జూన్ 8న ఆస్ట్రియాలో పోర్షే పేరుతో మొదటి కారుకు రోడ్డు మీద తిరగడానికి అనుమతి దొరికింది. దానికి పైకప్పు లేదు. ఫోక్స్‌వ్యాగన్ నుంచి తీసుకున్న ఇంజన్, శక్తి 35 హార్స్‌పవర్, బరువు ఆరువందల కిలోల లోపు. 1,948 అన్న సంఖ్య ఆ సంవత్సరాన్ని తలుచుకుంటూ పెట్టిందే. ఆ తరువాత న్యూయార్క్‌లో యూరప్ కార్లు దిగుమతి చేసి అమ్మే మాక్స్ హాఫ్‌మన్ అనే ఆయన, అమెరికాలో ఎండ కాసే ప్రాంతాల కుర్రాళ్లు కొనగలిగేలా అలంకారాలన్నీ తీసేసిన చవక బండి ఒకటి చేసి పెట్టమని కంపెనీని అడిగారు. అలా 1954లో 356 స్పీడ్‌స్టర్ వచ్చింది, మన ఎస్వీ యూనివర్సిటీ మొదలైన ఏడాదిలోనే. ముందు అద్దం పొట్టిది, విప్పి పక్కన పెట్టుకోవచ్చు. తలుపులకు దించే అద్దాలు లేవు, వాన వస్తే తగిలించుకునే తెరలు ఇచ్చారు. గుడ్డ పైకప్పు పలచనిది. ధర 3,000 డాలర్లకు అయిదు డాలర్లు తక్కువ. అంటే స్పీడ్‌స్టర్ పుట్టిందే డబ్బు తక్కువ ఉన్నవాడి కోసం. ఆదివారం పూట రేసుకు తీసుకుపోయి, సోమవారం అదే బండిలో పనికి పోయేవాడి కోసం.

అదే పేరుతో 2019లో వచ్చినది అమెరికాలో 2,74,500 డాలర్ల దగ్గర మొదలైంది. ఇక్కడ అభిమానులలో ఉన్న బాధ నిజమైన బాధ, దాన్ని నేనూ పంచుకుంటున్నాను. తలుపు తీయడానికి లోపల పిడికి బదులు గుడ్డ పట్టీ ఉంటుంది, పైకప్పు చేత్తో ఎత్తి మడిచి పెట్టుకోవాలి, బరువు తగ్గించడానికి ఏడు గేర్ల బాక్సు వదిలి నాలుగు కిలోలు తేలికైన ఆరు గేర్ల బాక్సు పెట్టారు. ఈ నిరాడంబరం అంతా 1954 బండి నుంచి వచ్చిందే. అప్పుడు వస్తువు తక్కువైతే ధర తగ్గింది, ఇప్పుడు వస్తువు తక్కువైన కొద్దీ ధర పెరిగింది. నిజమే, కార్బన్ ఫైబర్‌కు ఖర్చు ఎక్కువ, తొమ్మిది వేలు తిరిగే ఇంజన్‌కు ఖర్చు ఎక్కువ. అయినా పేరు పుట్టిన తీరు తెలిసినవాడికి గుండెలో ఎక్కడో కలుక్కుమంటుంది.

అంతకన్నా పెద్ద బాధ లెక్కపెట్టి చేయడంలో ఉంది. 2010లో ఇదే పేరుతో 356 బండ్లు చేశారు, పాత మోడల్ అంకెను తలుచుకుంటూ. 911 మొదటిసారి లోకానికి కనిపించిన ఏడాదిని తలుచుకుంటూ 2023లో 911 ఎస్/టీ అనే బండిని 1,963 చేశారు. అంకెలు అందంగానే ఉంటాయి. కానీ సంఖ్య తగ్గిన వెంటనే బండిని ప్రేమించేవాడి పక్కన బండిని సరుకుగా చూసేవాడు వచ్చి నిలబడతాడు. కొని, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా, మర్నాడే ఎక్కువ ధరకు అమ్మేస్తాడు. 911 ఆర్‌ను అసలు ధరకు ఎన్నో రెట్లు అడిగి అమ్మారు. ఈ జబ్బు ఎంత ముదిరిందంటే, అమెరికాలో ఎస్/టీ కొనదలచినవారికి మొదటి ఏడాది బండిని లీజుకు మాత్రమే ఇచ్చి, ఆ తరువాతే సొంతం చేసుకోనిచ్చే ఏర్పాటును కంపెనీ పెట్టవలసి వచ్చింది. అభిమానులలో చాలామంది ఆ నిబంధనకు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మా టింకరింగ్ మేస్త్రీ ఈ విషయంలో నాతో ఏకీభవించడు. దాచుకునేవాడు ఉండబట్టే పాత బండ్లు ఇంకా మిగిలి ఉన్నాయని, అందరూ తోలి అరగదీస్తే రేపటి పిల్లలు చూడటానికి ఒక్కటీ ఉండదని అతని వాదన. అందులో కొంత న్యాయం ఉందని ఒప్పుకుంటాను. కానీ నిలిపేసిన కారు ఏమవుతుందో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. దుబాయిలోనో, కువైట్‌లోనో పనిచేసుకునేవాళ్లు ఏడాదికోసారి ఇంటికి వచ్చి, కవరు కప్పి పెట్టిన కారును మా షెడ్డుకు తాడుకట్టి లాక్కుని వస్తారు. బ్యాటరీ చచ్చి ఉంటుంది. ట్యాంకులో పెట్రోలు వాసన మారి, ఇంజెక్టర్ల కొసలో జిగురు పట్టి ఉంటుంది. రబ్బరు సీళ్లు ఎండి, స్టార్టు చేసిన వారానికి ఆయిల్ కారడం మొదలవుతుంది. ఒకే చోట బరువు మోసిన టైరు ఆ భాగంలో చదునై, అరవై దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. బ్రేకు డిస్కుకు తుప్పు. ఎలుకలు వైరింగును కొరికి బోనెట్ కింద గూడు కట్టుకున్న బండ్లు ఏటా రెండు మూడైనా వస్తాయి. మొన్న ఒకదానిలో ఎయిర్ ఫిల్టరు డబ్బా నిండా వేరుశనగ పొట్టు దొరికింది. కదలని బండి దాచినట్టు కాదు. తొమ్మిది వేలు తిరగడానికి చేసిన ఇంజన్‌ను వెయ్యి దగ్గర నెలకోసారి అయిదు నిమిషాలు తిప్పి ఆపేయడం దానికి మరీ చెరుపు, వేడెక్కని ఆయిల్‌లో నీటి తేమ అలాగే ఉండిపోతుంది. సంఖ్య ఉన్న బండి కొన్నవారు దానిని రోడ్డుమీదికి తేవాలి, నలుగురికీ వినిపించాలి. ఇదే ఈ ఉత్తరంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది.

ఈ కార్ల మీది ఇష్టం మన ఊళ్లలో ఒక తప్పుదారి కూడా పట్టింది. దాని గురించి చెప్పకపోతే నా వైపు మాత్రమే చెప్పినట్టవుతుంది. కొన్నేళ్ల కిందట చంద్రగిరి వైపు నుంచి ఒక కుర్రాడు పాత చిన్న కారు తెచ్చి, ఫోన్లో ఒక ఫొటో చూపించి, వాళ్ల అన్న పెళ్లి ఊరేగింపుకు దాని పైకప్పు కోసి అలా చేసిపెట్టమన్నాడు. నేను చేయనన్నాను. కారణం చెప్పడానికి పక్క కొట్టు నుంచి చెప్పుల డబ్బా ఒకటి తెప్పించి, మూత పెట్టి అతని చేతికిచ్చి మెలిపెట్టమన్నాను. మెలి పడలేదు. మూత తీసి మళ్లీ మెలిపెట్టమంటే తడిగుడ్డలా తిరిగింది. జీపుకు కింద వేరే ఛాసిస్ ఉంటుంది, బరువంతా దానిమీద ఉంటుంది కనుక పైన గుడ్డ ఉన్నా లేకున్నా ఒకటే. ఇప్పటి కార్లకు విడి ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్, పైకప్పు అందులో ఒక భాగం. అతను విని, తలూపి వెళ్లి, ఇంకొక షెడ్డులో కోయించుకున్నాడు. పెళ్లయిన రెండు వారాలకు నా దగ్గరికే తెచ్చాడు. ఒక చక్రం గట్టు ఎక్కి ఉంటే డ్రైవరు వైపు తలుపు తెరుచుకోవడం లేదు. ముందు అద్దం ఈ మూల నుంచి ఆ మూలకు పగిలింది. తలుపు కింద గడప దగ్గర జాకీ పెట్టి ఎత్తితే, తలుపుకూ బాడీకీ మధ్య సందు నా చూపుడు వేలు పట్టేంత మారింది. బాగుచేయడానికి నాకు దారి కనపడలేదు. చివరికి దాన్ని తూకానికి అమ్మేశాడు. వాళ్ల నాన్న కష్టపడి కొన్న బండి అది. ఆ కుర్రాడి మొహం ఇప్పటికీ గుర్తుంది.

పైకప్పు లేని కారును ఫ్యాక్టరీలో చేసేటప్పుడు తలుపుల కింది గడపలను, ముందు అద్దం చట్రాన్ని, నేల అడ్డపట్టీలను మందం చేస్తారు, బోర్లాపడితే తలలు కాచే ఏర్పాటు చేస్తారు. స్పీడ్‌స్టర్ కూడా మొదటినుంచీ కప్పు లేకుండా గీసిన క్యాబ్రియోలే, అంటే గుడ్డ టాపు కారు, బాడీ మీద కట్టిందే. మూత తీసేసినా మెలి పడని డబ్బాను 1,465 కిలోల్లో ముగించడమే అందులోని గొప్ప. కోత మిషనుతో అది రాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఇలాంటి మార్పు నేరం కూడా, 2019 జనవరిలో సుప్రీంకోర్టు సైతం తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా డబ్బు రాకపోవచ్చు. ఇవి మీ పత్రికలో పెద్ద అక్షరాలతో రావాలి. ధర గురించి చదివిన కుర్రాడు కోత మిషను కోసం వెతుక్కుంటాడు. గడప మందం గురించి చదివినవాడు ఆగి ఆలోచిస్తాడు.

కొండ కింద ఊళ్లో, అలిపిరిలో టైము చూసి పంపి, 28 నిమిషాల లోపు పైకి చేరితే తప్పు అనే నియమం అలవాటైన చోట, గంటకు 310 కిలోమీటర్లు పోయే కారు గురించి మాట్లాడటం ఎందుకని కూడా ఒక ఉత్తరంలో అడిగారు. ఆ నియమం మంచిది, నేను దానికి చేతులెత్తి దండం పెడతాను, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. అయితే పైకప్పు లేని బండి సుఖం వేగంలో ఉందనుకోవడం సరికాదు. నేను పని నేర్చుకున్న మా గురువుగారికి ఒక పాత జీపు ఉండేది. చలికాలం తెల్లవారుజామున గుడ్డ టాపు మడిచి కట్టి, దాంట్లో నన్ను కొండకు తీసుకుపోయేవారు. ముప్పై దాటేవారు కాదు. మలుపు తిరిగినప్పుడల్లా చలి ఒక చెంప నుంచి ఇంకో చెంపకు మారేది. ముందు పోయే బస్సు బ్రేకు లైనింగ్ వాసన, రాత్రి వానకు తడిసిన ఆకుల వాసన, లోయలోంచి పిట్టల అరుపు, రెండో గేరులో ఇంజన్ బరువు మోస్తున్నప్పటి గొంతు, అన్నీ విడివిడిగా తెలిసేవి. ఇంజన్ గొంతు విని బండి ఆరోగ్యం చెప్పడం నాకు వచ్చింది ఆ జీపులోనే. అద్దాలు మూసి ఏసీ వేసుకున్న బండిలో ఆ విద్య రాదు.

ఇరవై ఏళ్ల కిందటి మాట, ఒకసారి బెంగళూరు నుంచి దర్శనానికి వచ్చిన దంపతులు ఆయిల్ మార్పించుకోవడానికి నా దగ్గరికి ఒక శాన్ స్టార్మ్ తెచ్చారు. గోవాలో తయారైన రెండు సీట్ల బండి అది, ఫైబర్ బాడీ, 1.2 లీటర్ల రెనో ఇంజన్. 60 హార్స్‌పవర్‌తో తృప్తిగా నడిచే చిన్న కారు. సందులో ఉన్న పిల్లలంతా మూగారు. ఆయన కసరలేదు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి స్టీరింగ్ పట్టుకోనిచ్చారు. జపాన్ మాజ్దా కంపెనీ 1989 నుంచి ఎంఎక్స్-5 అనే ఇలాంటి చిన్న బండిని చేస్తోంది. గుర్రమూ రౌతూ ఒక్కటిగా కదలాలన్నది వాళ్ల సూత్రం. లోకంలో ఎక్కువగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అదే. దాని ముప్పయ్యో ఏట ప్రత్యేకంగా నారింజ రంగులో 3,000 చేస్తే అవి చూస్తుండగానే అయిపోయాయి. మన దేశంలో మాత్రం అది అమ్మకానికి రాలేదు. బయట తయారై వచ్చే ఖరీదైన బండ్లకు ఏళ్ల తరబడి సుంకమే బండి ధరంత పడుతూ వచ్చింది, దానిమీద జీఎస్టీ, దానిమీద రాష్ట్రంలో జీవితకాలపు పన్ను. ఆ లెక్కల జోలికి నేను పోను. శ్రీసిటీలో ఇసుజు బండ్లు తయారవుతున్నాయి, సత్యవేడు పక్కన హీరో మోటార్ సైకిళ్లు తయారవుతున్నాయి, చినపాండూరులో అపోలో టైర్లు తయారవుతున్నాయి. మా కుర్రాడి తోటి విద్యార్థులు ఆ ఫ్యాక్టరీలలో పనికి చేరుతున్నారు. ఒక మంచి బండిని చూసి అందులో ఏది ఎందుకు అలా ఉందో అడిగే కుర్రాళ్లు ఆ గేట్లలోంచి లోపలికి పోవాలా వద్దా అన్నది మీరే ఆలోచించండి.

మీకు నా విన్నపం చిన్నది. ఇకమీదట ఇలాంటి బండి గురించి అచ్చువేసినప్పుడు ధర ఒక్కసారి రాయండి చాలు. మిగిలిన చోటులో ఇంజన్ ఎలా తిరుగుతుందో, బాడీ ఎలా నిలుస్తుందో, ఆ బరువు ఎలా తగ్గిందో తెలుగులో విడమరిచి రాయించండి. పాలిటెక్నిక్‌లలో పాఠాలు చెప్పే అయ్యవార్లు మన ఊళ్లోనే ఉన్నారు, అడిగితే రాస్తారు. శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో రేసులు జరిగినప్పుడు మూడు నాలుగు గంటల ప్రయాణం చేసి వెళ్లి చూసొచ్చే పిల్లలు తిరుపతిలోనూ చిత్తూరులోనూ చాలామంది ఉన్నారు. వాళ్లకు అక్కడ వినపడిన చప్పుడు వెనుక ఏముందో చెప్పేవాళ్లు లేరు.

చెన్నై నుంచి, బెంగళూరు నుంచి మంచి బండ్లలో దర్శనానికి వచ్చేవారికి కూడా మీ పత్రిక ద్వారా ఒక మాట. లాడ్జి ముందు మీ కారు చుట్టూ మూగే పిల్లలు దొంగలు కారు. ముట్టుకోవద్దని చెబితే ముట్టుకోరు. అయిదు నిమిషాలు ఇంజన్ చూపించండి, ఒకసారి స్టార్టు చేసి వినిపించండి. ఆ పిల్లలు కూడా రోడ్డుమీద వెళ్తున్న బండి వెంట బైకు తోలి, ఒక చేత్తో ఫోను పట్టుకుని వీడియో తీయడం మానుకోవాలి. మా వాళ్లకు నేను ఆ మాట చెప్పే ఉంచాను.

మీ వ్యాసంలోని బొమ్మను మా కుర్రాడు కత్తిరించి పానాలు తగిలించే బోర్డుకు అంటించాడు. వ్యాసం రాసినవారికి వీలుంటే ఒకసారి మా షెడ్డుకు రావచ్చు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా మిషన్లు ఆపేసి ఉంటాం, ఆ సమయంలో మాట వినపడుతుంది. వంగిన ఆ ఎనిమిది వాల్వులు ఇంకా బల్లమీదే ఉన్నాయి, చూపిస్తాం.

ఇట్లు,
భవదీయుడు,
రేణిగుంట రోడ్డు మెకానిక్,
తిరుపతి.